వెనక రెండు షాకులు

చెల్లెలు ఆ నాలుగు షాకుల్నీ పాత దుప్పట్లో చుట్టి, నిద్రపోతున్న పిల్లని మోసుకొచ్చినంత జాగ్రత్తగా తెచ్చి అక్క పనిబల్ల మీద పెట్టింది. దుప్పటి విప్పితే ఆయిలూ దుమ్మూ కలిసి అట్టకట్టిన షాకబ్జార్బర్లు, చక్రాల కుదుపుల్ని మింగే పాత సరుకు. ఏదో పెద్ద కారు గుద్దుకుని నుజ్జయిపోతే, తుక్కు సామాను కొట్లో దాని కింద నుంచి ఊడదీయించి తెచ్చుకుంది.

"పొడవూ, బోల్టు కన్నాలూ కొలిచి చూశానక్కా. నా బండికి అతికినట్టు సరిపోతాయి. లోపలి వాల్వులే సరిపోవు. అవి నువ్వు మార్చిపెట్టాలి," అంది.

అక్క ఒకదాన్ని నేలకి ఆనించి రాడ్డు నొక్కి చూసింది. చాలా గట్టిగా ఉంది. బరువైన బండి కోసం కట్టింది మరి. చెల్లెలిది ఇద్దరే పట్టే చిన్న పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు. ఇరవయ్యేళ్ళ పాతది. నేలకి జానెడెత్తున, పాకుతున్నట్టు పోతుంది. నాన్న దానికి కందిరీగ అని పేరు పెట్టాడు. ఈ షాకులు ఉన్నవున్నట్టు దానికి బిగిస్తే రోడ్డు మీది ప్రతి గులకరాయీ నడిపే మనిషి వెన్నుపూసని పలకరిస్తుంది.

వారం పడుతుందని అక్క చెప్పింది. పట్టనీ, నీకంటే బాగా చేసేవాళ్ళెవరున్నారని చెల్లెలు ఆమె భుజం తట్టి, షాపు ముందు కూర్చున్న నాన్న దగ్గరికి వెళ్ళిపోయింది. రెండు నిమిషాలు తిరక్కుండానే బయటి నుంచి నాన్న నవ్వు వినిపించింది.

ఆ నవ్వు అక్కకి ఒంటికి పడదు.

అలా అని ఆమె చెడ్డ మనిషేం కాదు. నలభై నాలుగేళ్ళొచ్చాయి, ఎవరి పనీ చెడగొట్టి ఎరగదు. షాపు నాన్న పెట్టిందే. ఒక పొడుగాటి గది, గోడకి వరసగా స్పానర్లు, మూల గ్యాసు సిలిండరు, వెనక గోడ దగ్గర షాకుల్ని పైకీ కిందికీ ఆడించి కాగితం మీద గీత గీసే పరీక్ష మిషను. అక్కకి పన్నెండేళ్ళప్పుడే నాన్న ఆమె చేతికి స్పానరిచ్చి పక్కన నిలబెట్టుకున్నాడు. చెల్లెలు అప్పటికి ఆరేళ్ళది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించేవాడు. అక్క బాగా చేసిన పనికి నాన్న "ఊఁ" అనేవాడు, ఇంకా బాగా చేస్తే ఆ "ఊఁ" కూడా అనకుండా తర్వాతి పని అందించేవాడు. చెల్లెలు గేటుకి గుద్దకుండా బండి లోపలికి తెచ్చినా సరే, వీధిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

పెద్దయ్యాక అక్క షాపు చూసుకుంది, చెల్లెలు బళ్ళో లెక్కల టీచరయింది. ఆదివారాలు మాత్రం ఊరి బయట విమానాలు దిగడం మానేసిన పాత మైదానంలో కార్ల క్లబ్బువాళ్ళు పెట్టే పందేల్లో బండి నడిపేది. నాలుగేళ్ళలో మూడు కప్పులు తెచ్చింది. ఒక కప్పు పట్టుకుని తీయించుకున్న ఫోటో నాన్న తీసుకొచ్చి సరిగ్గా పరీక్ష మిషనుకి పైన తగిలించాడు. షాపుకొచ్చినవాళ్ళు షాకుల సంగతి వదిలేసి ఆ ఫోటో చూసి, "మీ చెల్లెలాండీ" అని అడిగేవాళ్ళు. అవునని చెప్పడం అక్క పని. వారానికోసారి దాని మీద దుమ్ము తుడవడం కూడా ఆమె పనే.

ఆమె భర్త పోస్టాఫీసులో చేస్తాడు. మితభాషి. ఒకసారి ఉండబట్టలేక, దాని కప్పు అది తెచ్చుకుంటే నీ మొహం ఎందుకలా మాడ్చుకుంటావని అడిగాడు. ఆ రోజు ఆయనకి ఉప్పులేని కూరే దక్కింది. మళ్ళీ అడగలేదు.

సోమవారం అక్క మొదటి షాకు విప్పింది. లోపలి గ్యాసు మెల్లగా వదిలేసి, మూత తిప్పి తీసి, నల్లబడిన ఆయిలు డబ్బాలోకి వంచింది. రాడ్డు చివర పిస్టను, దానికి కన్నాలు, ఆ కన్నాల్ని కప్పుతూ ఒకదాని మీద ఒకటి పేర్చిన పల్చటి ఉక్కు బిళ్ళలు. షాకులో ఉన్న కిటుకంతా ఆ బిళ్ళల్లోనే. చక్రం గుంతలో పడి లేచినప్పుడు ఆయిలు ఆ బిళ్ళల్ని వంచుకుని దూరిపోవాలి. బిళ్ళలు మందంగా ఉంటే తొందరగా వంగవు, బండి బిగుసుకుపోతుంది. మరీ పల్చగా ఉంటే బండి ఊగిపోతుంది. ఒకవైపు బిళ్ళలు షాకు లోపలికి దిగేటప్పటి బిగువు చూసుకుంటాయి, రెండోవైపువి తిరిగి పైకి సాగేటప్పటిది. ఏ బండికి ఏ మందంలో ఎన్ని వెయ్యాలో పుస్తకంలో దొరకదు. బండి బరువు, స్ప్రింగుల గట్టితనం, నడిపే మనిషి తీరు, అన్నీ చూసుకుని కట్టేవాళ్ళే లెక్కగట్టుకోవాలి.

అక్క కందిరీగని తూకం మీదికెక్కించి ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో రాసుకుంది. రెండు రోజులు కాగితాల మీద లెక్కలు వేసింది. బుధవారానికి ముందు చక్రాల షాకులు రెండూ తయారయ్యాయి. ఆయిలు కారనివ్వని కొత్త సీళ్ళు, కొత్త ఆయిలు, ఒక్క బుడగ లేకుండా నింపి, గ్యాసు ఎక్కించి మిషను మీద ఆడిస్తే, కాగితం మీద గీత చెంబు అంచులా గుండ్రంగా వచ్చింది. పనిలో పడితే ఆమెకి ఏ కడుపుమంటా గుర్తుండదు. ఆ రెండు రోజులూ చెల్లెలి బండికి పని చేస్తున్నానన్న సంగతే ఆమెకి తట్టలేదు.

గురువారం సాయంత్రం వెనక షాకులు రెండూ విప్పి బల్ల మీద పరుచుకుని ఉండగా చెల్లెలు బడి నుంచి వచ్చింది. లోపలికి తొంగి చూసి, పని సాగుతోందని తెలుసుకుని, బయట నాన్న పక్కన చతికిలబడింది. మూడు నెలల్లో పెద్ద పందెం ఉందని, అందులో ఖరీదైన కొత్త బళ్ళు దిగుతున్నాయని, వాటి ముందు తన పాత కారు నిలుస్తుందో లేదోనని చెబుతోంది. అక్కకి అన్నీ వినిపిస్తున్నాయి. మధ్యలో ఉన్నది సగం తెరిచిన షట్టరే.

"షాకులదేముందే," అన్నాడు నాన్న. "అవి ఎవరైనా కడతారు. నీకు తోపుడుబండి ఇచ్చినా ముందుకే పోతావు. బండిలో లేనిది నీ చేతిలో ఉంది."

నలభై ఏళ్ళు షాకులు కట్టి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి ఆ మాట అన్నాడు. అక్క చేతులకి మోచేతుల దాకా ఆయిలుంది. బల్ల మీద రెండు రోజుల లెక్కలున్నాయి. మొహం మాత్రం మామూలుగానే పెట్టుకుంది, అలవాటే కదా.

తర్వాత ఆమె బిళ్ళల పెట్టె దగ్గరికెళ్ళి, పైకి సాగే వైపు వెయ్యాల్సిన బిళ్ళల్లో రెండింటిని పక్కన పెట్టి, వాటి బదులు పక్క అరలోంచి రెండు తీసింది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం ఎక్కువ. కళ్ళకి తేడా తెలియదు. కానీ లోపల బిగువు రెట్టింపు దాటుతుంది. గుంతలో పడి నొక్కుకున్న వెనక షాకు తిరిగి సాగడానికి ఆలస్యం చేస్తుంది, ఒకదాని వెనక ఒకటి గుంతలొస్తే చక్రం నేలకి దిగేలోపే ఇంకోటి తగులుతుంది. బండి వెనక భాగం కుంగిపోయి అలాగే ఉండిపోతుంది. చుట్టూ ఖాళీ మైదానమే కదా, గుద్దుకోవడానికి ఏమీ ఉండదు కదా అని తనకి తాను చెప్పుకుంది. నాలుగు సెకన్లు వెనకబడుతుంది, అంతే. తోపుడుబండి ఇచ్చినా ముందుకే పోతుందన్నాడుగా, పోనీ చూద్దాం అనుకుంది.

రెండు షాకులూ కట్టి మిషను మీద ఆడించింది. ఎడమదానికీ కుడిదానికీ గీతల్లో పిసరంత తేడా వచ్చింది. ఆ తేడా వదిలెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. ఎడమది మళ్ళీ విప్పి, బిళ్ళల్ని ఒక్కొక్కటీ కొలిచి, ఒకటి మార్చి, మళ్ళీ కట్టింది. ఈసారి ఒక గీత మీద ఇంకో గీత పెడితే ఒకటే అయిపోయాయి. చేసేది పాడు పనే అయినా ఆ చేతులకి వంకర పని రాదు.

ముందు షాకుల కాగితాలు ఫైలులో పెట్టింది. వెనకవాటివి చించేసింది.

మొదటి ఆదివారం చెల్లెలు బండి అదుపు తప్పి గడ్డిలోకి గిరగిరా తిరిగిపోయింది. దెబ్బలేం తగల్లేదు. సోమవారం వచ్చి చెప్పింది. మైదానం చివర మలుపులో సిమెంటు పలకలు లేచిపోయి మూడు ఎత్తులున్నాయట. మొదటిది బాగానే దాటుతోంది, రెండోదీ పరవాలేదు, మూడోదానికి వెనక చక్రాలు నేల సంగతి మర్చిపోతున్నాయట. "కూర్చుంటోందక్కా. లేవడం లేదు," అంది. అక్క టైర్లు చూసుకోమంది.

రెండో ఆదివారం టైర్లు మార్చి చూసింది, గాలి తగ్గించి చూసింది, మలుపుకి ముందే వేగం తగ్గించి చూసింది. నాలుగేళ్ళలో ఎప్పుడూ లేనంత వెనకబడింది. వెనక షాకులేమైనా ఓసారి చూస్తావా అని అడిగింది గానీ, ఆ అడగడంలో అక్కని అనుమానించినట్టు ఎక్కడ అనిపిస్తుందోనని, అడిగిన వెంటనే తనే మాట మార్చేసింది. మూడో ఆదివారం పందెం మధ్యలోనే బండి పక్కకి తీసి ఆపేసింది.

మర్నాడు షాపుకొచ్చి స్టూలు మీద కూలబడింది. నాన్న లేడు, కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాడు. చెల్లెలు కాసేపు గోడకేసి చూసి, బండి అమ్మేస్తున్నానని చెప్పింది. శనివారం ఒకాయన చూడ్డానికి వస్తున్నాడట.

"నాకే చేతకావట్లేదక్కా. వెనకేదో పట్టేస్తోందని నా వెన్ను చెబుతుంది. నువ్వు కట్టిన షాకులు మరి, వాటిలో వంక ఎందుకుంటుంది? నా వెన్నే అబద్ధం చెబుతోంది. దాన్ని నమ్మి ఇంక ఆ వేగంలో పోలేను."

అక్క నీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ సాయంత్రం ఆమె ఎంత సంతోషంగా ఉందో చెప్పకపోతే కథ సగం దాచినట్టే. వంట చేస్తూ కూనిరాగం తీసింది. ఏంటీ హుషారని భర్త అడిగితే ఏం లేదంది. రెండోసారి వడ్డించింది. ముప్పై ఏళ్ళుగా తను తలవంచుకుని ఆయిలులో చేతులు ముంచుతుంటే వీధి వీధంతా చప్పట్లు కొట్టించుకున్న మనిషి, ఈ రోజు తన స్టూలు మీద కూర్చుని నాకు చేతకాదంది. ఆ మాటని నోట్లో పిప్పరమెంటులా అటూ ఇటూ తిప్పుకుంటూ నిద్రపోయింది.

మర్నాడు పొద్దున షాపు తెరిచి, ఎవరిదో వ్యానుకి షాకు కడుతూ ఉంటే, చెల్లెలి మాటలు మళ్ళీ గుర్తొచ్చాయి. మొదటిది బాగానే దాటుతోంది. మూడోదానికి నేల సంగతి మర్చిపోతోంది. కూర్చుంటోంది, లేవడం లేదు. అక్క చేతిలో స్పానరు ఆగిపోయింది. తను వేసింది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అది ఏం చేస్తుందో తను కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసింది, మిషను మీద గీత చూస్తే తెలిసింది. చెల్లెలికి వట్టి సీట్లో కూర్చుంటే తెలిసిపోయింది. ఎన్నో ఎత్తు దగ్గర, ఏ చక్రం, దిగేటప్పుడా లేచేటప్పుడా, అంతా విప్పి చూసినట్టు చెప్పింది. అక్క వేల షాకులు కట్టింది గానీ, తను కట్టిన బండిలో కూర్చుని ఇది బిగువు ఇది వదులు అని ఒక్కసారీ చెప్పలేకపోయింది. ఆమెకి మిషను కావాల్సిందే.

ఇన్నాళ్ళూ చెల్లెలి గొప్పంతా నాన్న గారాబమేనని అనుకునేది. అలా అనుకుంటే బతకడం తేలిక. ఇప్పుడది నిజంగానే ఉన్న విద్య అని తేలింది, అదీ తను చేసిన దొంగపని వల్లే తేలింది. కడుపులో మంట ఇదివరకటి కంటే లోతుగా, చల్లారే దారి లేకుండా రగిలింది. దానికి తోడు ఇంకోటి. ఆ విద్య ఉన్న మనిషే దాన్ని నమ్మడం మానేసింది. ఆ నమ్మకాన్ని పోగొట్టింది ఎవరో ప్రపంచంలో ఒక్కరికే తెలుసు.

బండి అమ్ముతోందని విన్నప్పటి నుంచి నాన్న సరిగా అన్నం తినడం లేదు. బుధవారం చెల్లెల్ని పిలిచి, బండి షాపు దగ్గర వదిలేసి బడికి వెళ్ళమన్నాడు. అక్కతో వెనక షాకులు ఊడదీయమన్నాడు. ఎందుకని అడిగితే చెయ్యి పెట్టి చూస్తానన్నాడు. కాదనడానికి అక్కకి కారణం దొరకలేదు. బండి ఎత్తి, రెండు షాకులూ ఊడదీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

నాన్నకి కళ్ళకి పొరలొచ్చి మిషను గీతలు కనబడవు. ఎడమ షాకుని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని రాడ్డు కిందికి నొక్కాడు, పైకి లాగాడు. తల వంచి, వింటున్నట్టుగా, మెల్లగా మళ్ళీ లాగాడు. తర్వాత కుడిది. మళ్ళీ ఎడమది. మళ్ళీ కుడిది. అక్క గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతుల్ని తుడుస్తూనే ఉంది.

"లాగితే రావట్లేదు. బిగువెక్కువైంది," అన్నాడు.

ఆమె గుడ్డని రెండో వైపుకి తిప్పింది.

"రెండూ అంతే. పొరపాటు పడితే ఒకదాంట్లో పడతాం. రెండోదాంట్లో ఇంకోలా పడతాం. రెండూ ఇలా ఒకేలా రావు."

బయట ఎవరో స్కూటరు ఆపి, లోపలి వాలకం చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయారు. నాన్న షాకుల్ని పక్కపక్కన పెట్టి, రెండు రాడ్ల మీదా చెరో అరచెయ్యి వేశాడు.

"నలభై ఏళ్ళలో నేను ఒక్కసారి కూడా రెండు షాకుల్ని ఇంత ఒకేలా కట్టలేకపోయానే," అన్నాడు.

అక్క స్టూలు వెతుక్కుని కూర్చుంది. ఈ ఒక్క మాట కోసం ఆమె పన్నెండో ఏటి నుంచి చూసింది. ఎప్పుడో ఒకరోజు నాన్న అంటాడు, అప్పుడు నేను పెద్దగా పట్టించుకోనట్టు నవ్వుతాను అని కూడా అనుకుని పెట్టుకుంది. మాట వచ్చింది. నవ్వు రాలేదు. తల కొట్టేసినట్టయింది.

నాన్నే అడిగాడు, నీ పని బాగుందని నేనెప్పుడూ అనలేదు కదూ అని. అనలేదంది. బాగున్నదాన్ని బాగుందని వేరే చెప్పేదేముంది అనుకున్నానన్నాడు.

"దానికి మాత్రం చెప్పావు."

"అది అంత వేగంగా పోతుంటే నాకు భయమే," అన్నాడు నాన్న. "వద్దంటే వినదు. భయపడుతూ నడిపితే ఇంకా ప్రమాదం. అందుకని ధైర్యం చెప్పేవాణ్ణి. నీ గురించి నాకెప్పుడూ భయం వెయ్యలేదు." రాడ్ల మీది నుంచి చేతులు తీసి, "వెయ్యాల్సిందేమో," అన్నాడు.

కోప్పడలేదు. దానికి నేను చెప్పను, నువ్వే చెప్పు అని మాత్రం అని, చేతికర్ర అందుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

అక్క ఆ మధ్యాహ్నమే షాకులు రెండూ విప్పి, మొదట లెక్క వేసిన బిళ్ళలే వేసి మళ్ళీ కట్టింది. గీతలు తీసి, ఈసారి కాగితాలు దాచింది. శుక్రవారం సాయంత్రం షాకుల్ని సంచిలో పెట్టుకుని చెల్లెలింటికి వెళ్ళింది. చెల్లెలు భోజనాల బల్ల మీద పిల్లల లెక్కల నోటుపుస్తకాలు దిద్దుతోంది. ఎర్ర పెన్ను పక్కన పెట్టి టీ పెడతానంది. అక్క వద్దంది. నిలబడే, ఎక్కడా నీళ్ళు నమలకుండా, ఏ బిళ్ళ తీసి ఏ బిళ్ళ వేసిందో చెప్పింది. కావాలనే చేశానంది.

చెల్లెలు వింటూ వింటూ లేచి నిలబడింది. మొహం వెలిగిపోయింది.

"అంటే వెనకే కదా? పైకి లేచేటప్పుడే కదా? నేను చెప్పినట్టే కదా?"

"నువ్వు చెప్పినట్టే."

చెల్లెలు గదిలో అటూ ఇటూ రెండడుగులు వేసింది. నడుం మీద చెయ్యి వేసుకుని, తప్పిపోయిన వస్తువు దొరికినట్టు నవ్వుకుంది. ఆ తర్వాతే మిగతా సంగతి ఆమెకి ఎక్కింది. నవ్వు అలాగే ఉండి, కళ్ళు మాత్రం మారిపోయాయి. కుర్చీలో కూర్చుంది. ఎందుకని అడిగింది.

"నిన్ను చూసి ఓర్చుకోలేక," అంది అక్క. అందంగా చెప్పడానికి దారిలో ఎన్నో మాటలు కూడబెట్టుకుంది గానీ, తీరా వస్తే ఇదొక్కటే మిగిలింది.

"గడ్డిలోకి తిరిగిపోయినప్పుడు ఒక వైపు చక్రాలు గాల్లోకి లేచాయక్కా. నీకు చెప్పలేదు. భయపడతావని."

చెల్లెలు ఎర్ర పెన్ను తీసుకుని ఒక నోటుపుస్తకం తెరిచింది. పేజీ తిప్పలేదు. ఇక వెళ్ళమంది. సంచీ గుమ్మం పక్కన పెట్టి అక్క బయటికొచ్చేసింది. మెట్లు దిగుతుంటే లోపల చెల్లెలు ఎవరితోనో ఫోన్లో, రేపు రావద్దని, బండి అమ్మడం లేదని చెప్పడం వినిపించింది.

ఇరవై రోజులు మాటల్లేవు. షాపు మూసి ఉన్న ఆదివారం వచ్చి షాకులు చెల్లెలే స్వయంగా బిగించుకుని బండి తీసుకెళ్ళిందని, మైదానానికి వెళ్ళొచ్చిందని నాన్న చెబితే తెలిసింది. ఎలా పోతోందట అని అడగడానికి అక్కకి నోరు రాలేదు. నాన్న తనంతట తను చెప్పలేదు. ఆ ఇరవై రోజులూ ఆమె ఎవరి పనిలోనూ వంక రానివ్వలేదు, కూరల్లో మాత్రం ఉప్పు ఒకరోజు తక్కువ, ఒకరోజు ఎక్కువ. భర్త మారుమాట్లాడకుండా తిన్నాడు.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం షాపు ముందు కందిరీగ ఆగింది. చెల్లెలు లోపలికొచ్చింది. పలకరింపుల్లేవు.

"వెనక బాగుంది. ముందు, కుడి మలుపులో మూతి ఆలస్యంగా తిరుగుతోంది."

"బ్రేకు తొక్కేటప్పుడా, వదిలేటప్పుడా?"

"వదిలేటప్పుడు. ముందు భాగం గభాల్న లేచిపోతోంది. ఇంకొంచెం పట్టి ఉంచితే బాగుంటుంది."

అక్క బండి ఎత్తి ముందు షాకులు ఊడదీసింది. విప్పడం మొదలుపెట్టగానే చెల్లెలు స్టూలు లాక్కుని బల్లకి ఎదురుగా వచ్చి కూర్చుంది. నువ్వు కట్టేదాకా ఇక్కడే ఉంటానంది. అక్క ఒక బిళ్ళ తీసి మందం కొలిచి చెప్పబోతే, చెల్లెలు చెయ్యి చాపింది. అక్క బిళ్ళనీ, మందం కొలిచే మైక్రోమీటరునీ ఆమెకిచ్చింది. ఆమె వెలుతురుకేసి తిప్పి అంకె తనే చదువుకుని, తిరిగిచ్చింది. రెండో బిళ్ళా అంతే. మూడోదీ అంతే. ఆఖరి బిళ్ళ దాకా అక్క తియ్యడం, చెల్లెలు కొలవడం. అక్కకి మొహం చెల్లకపోయినా చేతులు ఆపలేదు. ఇలా కొలిపించుకోవడం తనకి తగినదేనని ఆమెకి తెలుసు. అయినా ముప్పై ఏళ్ళ పనితనాన్ని లెక్కల టీచరు దిద్దుతున్నట్టుంటే, ఒళ్ళు మండకుండానూ లేదు.

ఆ నెలలో ఐదుసార్లు అలా జరిగింది. చెల్లెలు వచ్చి తన వెన్నుకి తెలిసింది చెబుతుంది. అక్క దాన్ని బిళ్ళల్లోకి మారుస్తుంది. మధ్యలో మైక్రోమీటరు చేతులు మారుతుంది. నాలుగోసారి చెల్లెలు కొలవకుండా ఊరుకుంటుందేమోనని అక్క ఆశపడింది. ఊరుకోలేదు. ఐదోసారీ కొలిచింది. కాకపోతే ఆ రోజు కొలుస్తూ బళ్ళో ఒక పిల్ల చేసిన వెర్రి లెక్క గురించి చెప్పి, ఇద్దరూ నవ్వారు. నవ్వాక మళ్ళీ కొలిచింది.

పెద్ద పందేనికి అక్క మొదటిసారి మైదానానికి వెళ్ళింది. నాన్న మడత కుర్చీలో, ఆమె పక్కన నిలబడి. చివరి మలుపులో ఆ మూడు ఎత్తులు దగ్గరికి రాగానే ఆమె చక్రాల్నే చూసింది. కొత్త బళ్ళు మూడోదాని దగ్గర కొంచెం తడబడుతున్నాయి. పసుపుపచ్చ బండి మూడింటి మీదా నేలని వదలకుండా, గుడ్డ మీద ఇస్త్రీపెట్టె పోయినట్టు పోయింది. చెల్లెలు రెండో స్థానంలో వచ్చింది. జనం ఆమె చుట్టూ మూగారు, ఎవరో ఫోటోలు తీశారు. క్లబ్బాయన మైకులో ఆమెని పొగిడాడు. షాకుల మాట ఎవరూ ఎత్తలేదు. అక్క కడుపులో ఆ పాత మంట ఎప్పటిలాగే లేచింది. తెలిసిన మనిషి వీధి మలుపులో ఎదురైనట్టుగా దాన్ని గుర్తుపట్టింది, పక్కకి తప్పుకోలేదు.

జనం పల్చబడ్డాక చెల్లెలు హెల్మెట్టు చంకలో పెట్టుకుని వచ్చి, బండెక్కమంది. నేనెందుకంది అక్క. ఎక్కమన్నానుగా అంది చెల్లెలు. నాన్న వెళ్ళమన్నట్టు కర్రతో చూపించాడు.

ఆ బండిలో ఆమె కూర్చోవడం అదే మొదలు. సీటు నేలకి ఎంత దగ్గరో అప్పుడు తెలిసింది. చెల్లెలు మొదట మెల్లగా, తర్వాత వేగంగా మైదానమంతా చుట్టి చివరి మలుపుకి వచ్చింది. అక్క రెండు చేతులా తలుపు పట్టుకుంది. ధన్, ధన్, ధన్ అని మూడు ఎత్తులూ దాటిపోయాయి. ఆమె కళ్ళు మూసుకుని, వెన్ను సీటుకి ఆనించి, తను కట్టిన షాకులు ఏం చేస్తున్నాయో తెలుసుకోవాలని ఎంతో ప్రయత్నించింది.

"తెలిసిందా?" అని అడిగింది చెల్లెలు.

తెలిసిందనడం తేలికే. అక్క నోటి దాకా వచ్చింది కూడా.

"తెలియలేదు," అంది. "నువ్వు చెప్పు."

చెల్లెలు ఆమె వైపు ఒకసారి చూసి, వేగం తగ్గించి, ఇంకో చుట్టు తిప్పింది. మూడు ఎత్తులూ వస్తుండగా ఒక్కొక్కదాని దగ్గర వెనక చక్రం ఏం చేస్తోందో చెప్పడం మొదలుపెట్టింది.